అన్నప్రాశన అయ్యాక ఒక పూట తిండి పూర్తిగా నాన్నే పెడితే?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాం. బాబుకు ఆరు నెలలు నిండాయి, అన్నప్రాశన కూడా అయింది. మా ఆవిడ మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లి ఐదో నెలలో వచ్చింది. అన్నాళ్లూ నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి చూసి వచ్చేవాడిని. నేను చేరేసరికి నలుగు, స్నానం, సాంబ్రాణి పొగ అన్నీ అయిపోయి, పాలు తాగి, బుగ్గన చుక్కతో బాబు నా చేతికి వచ్చేవాడు. కాస్త ముఖం ముడిస్తే చాలు, ఎవరో ఒకరు అందుకునేవారు.

ఇప్పుడు ఆమె 26 వారాల సెలవు అయిపోయి ఆఫీసుకు వెళ్లాలి. ఉదయం పూట తిండి నేను పెడతానని ఇంట్లో చెప్పాను. "నేను లేనా, మగవాడివి నీకెందుకు?" అంది అమ్మ. "అల్లుడుగారికి ఎందుకు శ్రమ?" అన్నారు ఫోనులో మా అత్తగారు. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. కానీ వాడిది ఆకలి ఏడుపో, నిద్ర ఏడుపో మా ఆవిడకు తెలిసినట్టు నాకు తెలియడం లేదు. తెలియాలని గట్టిగా ఉంది. వాడు ఏది మింగుతాడో, ఏది ఉమ్మేస్తాడో, కడుపు నిండితే ఎలా చెబుతాడో ఎవరినీ అడగకుండా నాకే తెలియాలి.

ఇంకా తల్లిపాలు తాగే బిడ్డకు తండ్రి ఏ మేరకు చేయగలడు? ఉదయం పూట ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి? ఉద్యోగాల్లో సెలవు సంగతి ఏమిటి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఉగ్గుగిన్నె

నాయనా, చాలా ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేసి విరమించినదాన్ని. నువ్వు అడిగిన తీరు నాకు నచ్చింది.

ముందు వంట సంగతి. పిడికెడు బియ్యం, అందులో సగం పెసరపప్పు కడిగి, నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా ఉడికించు. మిక్సీలో వేయకు. చేతులు శుభ్రంగా కడుక్కుని వేళ్లతోనే మెదుపు. చెంచాను కొద్దిగా వంచితే జారిపోకుండా నిలవాలి, అంత చిక్కదనం. నీళ్లలా ఉంటే పొట్ట నిండుతుంది కానీ బిడ్డకు బలం చేరదు. పైన అర చెంచా నెయ్యి. మొదట్లో పూటకు రెండు మూడు చెంచాలు తింటే చాలు. మెల్లగా పెంచుకుంటూ పోతే కొన్ని వారాల్లో అర కప్పుకు వస్తాడు. ఎనిమిదో నెల వరకు రోజుకు రెండు మూడు పూటలు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు పూటలు. తల్లిపాలు మాత్రం రెండేళ్లూ ఆపై కూడా సాగనివ్వండి.

పెట్టిన ముద్దను నాలుకతో బయటికి నెట్టేస్తాడు. అది చూసి నచ్చలేదనుకుని చాలామంది గిన్నె పక్కన పెట్టేస్తారు. ఇన్నాళ్లూ పాలు పీల్చిన నాలుక అది. ముద్దను వెనక్కి తీసుకుని మింగడం కొత్తగా నేర్చుకోవాలి. గడ్డం మీదికి జారినదాన్ని చెంచాతో తీసి మళ్లీ పెదవుల మధ్య పెట్టు, వాడే లాక్కుంటాడు. తల పక్కకు తిప్పినా, నోరు బిగించినా ఆపేయి. ముక్కు మూసి, కాళ్ల మధ్య పడుకోబెట్టి పోసే పాత పద్ధతి వద్దు. కూర్చోబెట్టి, నీ ముఖం వాడికి కనబడేలా ఎదురుగా కూర్చో.

ఇక నాన్నలు ఎందుకని అడిగేవారికి నా జవాబు ఒకటే. మా కేంద్రానికి బాలామృతం ప్యాకెట్టు తీసుకోవడానికి అప్పుడప్పుడు తండ్రులు వచ్చేవారు. సిగ్గుపడుతూ గడప దగ్గరే నిలబడేవారు. లోపలికి పిలిచి బిడ్డను తూకం వేసి, కార్డు మీద బరువు గీత ఎక్కడుందో చూపిస్తే, ఆ రోజు నుంచి వాళ్లు అడిగే ప్రశ్నలు మారిపోయేవి. మేం పెట్టే సమావేశాలకు తల్లుల సమావేశాలని పేరు. తండ్రులను మేమూ పిలవలేదు, వాళ్లూ రాలేదు.

మొల్లపూలు

ఒక పూట పెడతాననడం మంచిదే. అయితే పూట అంటే చెంచాతో నోట్లో పెట్టడం ఒక్కటేనా? మా ఇంట్లో ఆయన తినిపించేవారు. బియ్యం, పప్పు ఉడికించి, మెదిపి, చల్లార్చి, గిన్నెలో పెట్టి, బిడ్డకు మెడలో గుడ్డ కట్టి నేను ఇస్తే. తిన్న తర్వాత గిన్నె, నేల, మూతి, మెతుకులు అంటుకున్న చొక్కా మళ్లీ నావే. బంధువులు మాత్రం "ఎంత బాగా చూసుకుంటున్నాడో!" అని ఆయనను మెచ్చుకునేవారు. నాకు కోపం ఆయన మీద కన్నా ఆ మెచ్చుకోలు మీద ఎక్కువ.

కాబట్టి కృష్ణాతీరం గారూ, తీసుకుంటే పూట మొత్తం తీసుకోండి. పెసరపప్పు అయిపోవస్తోందని గమనించడం మీదే. రాత్రి పడుకునే ముందు రేపు ఏం పెట్టాలో ఆలోచించడం మీదే. తొమ్మిదో నెల టీకా తేదీ మీ ఫోనులో ఉండాలి, ఆమె ఫోనులో కాదు. "ఏం చేయమంటావు?" అని అడిగితే ఆ పని ఇంకా ఆమె తల మీదే ఉన్నట్టు.

ఇది మా ఇంటి గోల మాత్రమే కాదు. కేంద్ర గణాంక శాఖ 2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల వారిలో ఇంట్లోవాళ్ల సంరక్షణ చూసే స్త్రీలు 41 శాతం, పురుషులు 21.4 శాతం. చూసేవారిలో కూడా స్త్రీలు రోజుకు సుమారు 140 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషులు 74 నిమిషాలు. వంట, బట్టలు, అంట్లు ఈ లెక్కలోకి రావు, వాటికి వేరే పద్దు ఉంది.

వేపచెట్టు

నేను వేరే మాట చెబుతాను, కోపగించుకోవద్దు. మాది తణుకు దగ్గర, రైసుమిల్లులో పని. తెల్లవారకముందు వెళితే చీకటి పడ్డాకే ఇంటికి. ధాన్యం వచ్చే రోజుల్లో ఆ రాకా ఉండదు. మా నాన్న ఏనాడూ నాకు ముద్ద కలిపి పెట్టలేదు. అయినా ఆయన మా కోసం ఏం చేశారో నాకు తెలుసు. మా పిల్లలకు పాల డబ్బులు, బడి ఫీజులు, జ్వరం వస్తే రాత్రికి రాత్రి ఆసుపత్రి, అన్నీ నేనే చూశాను. అది పెంపకం కాదా? అన్నం పెట్టనివాడు తండ్రే కాదన్నట్టు మాట్లాడుతుంటే కష్టంగా ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మ, నానమ్మ, పిన్ని ఉన్నప్పుడు బిడ్డకు లోటు ఏముంది? వాళ్ల చేతిలో ఉన్న నేర్పు మనకు వస్తుందా?

తెల్లకోటు

ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగంలో పనిచేస్తాను. వేపచెట్టు గారూ, సంపాదన పెంపకం కాదని ఇక్కడ ఎవరూ అనరు. కానీ నేను రోజూ చూసేది చెప్పాలి. విరేచనాలతో బిడ్డను తెస్తారు. నిన్న ఎన్నిసార్లు మూత్రం పోశాడు, ఏం తిన్నాడు అని తండ్రిని అడుగుతాను. ఆయన వెనక్కి తిరిగి భార్య వైపు చూస్తాడు. ఆమె చెప్పలేనంత నీరసంగా ఉన్న రోజున ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. నాకు చికిత్స మొదలుపెట్టడానికి ఆ జవాబు కావాలి.

తల్లిపాల విషయంలో తండ్రి చేయగలిగింది చాలా ఉంది. మొదటి వారాల్లో ఇంట్లో ఎవరో ఒకరు "పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టండి" అంటారు. అలసిపోయిన తల్లి ఆ మాటకు కుంగిపోతుంది. అప్పుడు మాట్లాడవలసింది భర్తే. బిడ్డ 24 గంటల్లో ఆరుసార్లు లేదా అంతకంటే ఎక్కువ మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. ఈ లెక్క తండ్రికి తెలిస్తే ఇంట్లో సగం వాదన ఆగిపోతుంది. శిశువుల పాలపొడికి, పాలసీసాలకు ప్రచారం చేయడాన్ని నిషేధిస్తూ మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. బయట ఆగిన ప్రచారం ఇంట్లో బంధువుల నోట సాగుతోంది.

తల్లి ఉద్యోగానికి వెళితే పిండి ఉంచిన పాలు మీరు పట్టవచ్చు. గది వేడి 25 డిగ్రీల లోపు ఉంటే 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు నిలుస్తాయి. మన వేసవిలో గది అంత చల్లగా ఉండదు కాబట్టి పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. పొయ్యి మీదా, మైక్రోవేవ్‌లోనూ కాచవద్దు. గిన్నెను వేడినీళ్లలో ఉంచితే చాలు. బిడ్డ తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయండి. సీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు. సీసా పీకను కడిగి శుభ్రంగా ఉంచడం కష్టం, పీక మరిగిన బిడ్డ కొన్నిసార్లు తల్లి రొమ్ము పట్టడు. బిడ్డను నిటారుగా ఒడిలో పెట్టుకుని, ఉగ్గుగిన్నె ముక్కును కింది పెదవికి ఆనించండి. గుమ్మరించకండి, బిడ్డే నాలుక చాచి తాగాలి.

ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు అందులో ఉండవచ్చు. ఆవుపాలు ప్రధాన ఆహారంగా వద్దు. ఉప్పు, పంచదార కూడా ఏడాది దాకా అక్కర్లేదు. వేరుశనగ గింజలు, ద్రాక్షపళ్లు అలాగే నోట్లో పెట్టవద్దు, గొంతుకు అడ్డం పడతాయి. తినేటప్పుడు దగ్గుతుంటే దగ్గనివ్వండి. శబ్దం ఆగిపోయి ఊపిరి ఆడకపోతే, ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, వీపు మీద రెక్కల మధ్య 5 సార్లు గట్టిగా చరచాలి. అడ్డం పడినది బయటికి రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మధ్య 5 సార్లు నొక్కాలి. ఒకరు ఇది చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. టీకాకు వెళ్లినప్పుడు నర్సును అడిగి బొమ్మ మీద నేర్చుకోండి. బిడ్డకు అన్నం పెట్టే ప్రతివారికీ ఇది రావాలి.

మొల్లపూలు

కృష్ణాతీరం గారు రాసినదాంట్లో నాకు పట్టుకున్నది ఆ ఐదు నెలల సంగతి. మనవాళ్లలో మొదటి కాన్పు పుట్టింట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో తిరిగి వస్తారు. ఈలోగా తల్లికి పాలివ్వడం, ఎత్తుకోవడం, ఏడుపు గుర్తుపట్టడం అలవాటైపోతాయి. తండ్రి చుట్టపుచూపుగా వచ్చి వెళతాడు. తిరిగి వచ్చేసరికి ఆమెకు అన్నీ తెలుసు, ఆయనకు ఏమీ తెలియదు. అప్పుడు "నీకు రాదులే, ఇటు ఇవ్వు" అనడం చాలా సులువు. ఆ మాట ఒకసారి మొదలైతే బిడ్డ పెళ్లీడు దాకా ఆగదు. ఈ ఆచారం పోవాలంటాను.

ఉగ్గుగిన్నె

పోవాలని అనకమ్మా. పుట్టిల్లు లేకపోతే బాలింత గతి ఏమిటో నేను చూశాను. అత్తవారింట్లో పురుడు పోసుకున్న పిల్ల పదకొండో రోజు పురిటిస్నానం కాగానే పొయ్యి దగ్గర ఉంటుంది. పుట్టింట్లో పథ్యం వండి పెట్టేవారుంటారు, పగలు కాసేపు పడుకోనిస్తారు, పాలు పడకపోతే సూటిపోటి మాటలు ఉండవు. నొప్పిగా ఉందని చెప్పుకోవడానికి కన్నతల్లి ఉంటుంది. అది తీసేస్తే నష్టపోయేది ఆడపిల్లే.

నువ్వు చెప్పిన కష్టం నిజమే, కానీ దాని మూలం పుట్టిల్లు కాదు, అల్లుడి మర్యాద. అల్లుడు వస్తే కొత్త దుప్పటి పరుస్తారు, నాలుగు కూరలు చేస్తారు. అలాంటివాడి చేతికి తడిసిన లంగోటా ఎలా ఇస్తారు? రాత్రి బిడ్డ లేస్తే "అల్లుడుగారి నిద్ర పాడవుతుంది" అని ఆయన పడకను వేరే గదిలో వేస్తారు. ఆయనకు చేయాలని ఉన్నా చోటు దొరకదు. మార్చవలసింది అది. అల్లుడు వెళ్లిన రోజున బాలింత గదిలోనే పడుకోవాలి. బిడ్డ లేస్తే ఎత్తి తల్లికి అందించడం, పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, గుడ్డ మార్చడం ఆయన చేయాలి. స్నానం పోసే అత్తగారి పక్కన పీట వేసుకుని కూర్చుని, తల ఎలా పట్టాలో, చెవుల్లోకి నీళ్లు పోకుండా చెయ్యి ఎలా అడ్డం పెట్టాలో నేర్చుకోవాలి. నా కూతురి కాన్పుకు మా అల్లుడితో నేను ఇదే చేయించాను. మా వియ్యపురాలు నొచ్చుకుంది. రెండో మనవడు పుట్టేసరికి ఆవిడే సున్నిపిండి గిన్నె కొడుకు చేతికిచ్చింది.

మొల్లపూలు

అమ్మా, మీరు చెప్పినది ఒప్పుకుంటాను. మర్యాద తగ్గిస్తే పుట్టిల్లు ఉండనివ్వచ్చు.

ఎర్రమట్టి

అనంతపురం నుంచి రాస్తున్నాను. మా పాప నెలలు నిండకుండా పుట్టింది, 1.7 కిలోల బరువు. నా భార్యకు బీపీ పెరిగి ఆపరేషన్ చేశారు, లేచి కూర్చునే స్థితిలో లేదు. పాపను అప్పుడే పుట్టిన పిల్లల ప్రత్యేక వార్డులో ఉంచారు. కొంచెం కుదుటపడ్డాక నర్సు వచ్చి "చొక్కా విప్పి ఈ కుర్చీలో వెనక్కి వాలండి" అంది. నాకు అర్థం కాలేదు. పాపకు టోపీ, సాక్సులు, డైపరు మాత్రం ఉంచి, నా రొమ్ము మీద నిలువుగా ఆనించి, తల ఒక పక్కకు తిప్పి, చుట్టూ మెత్తటి బట్టతో కట్టింది. మెడ ముందుకు వంగకూడదని, ముక్కు మూసుకుపోకూడదని రెండు మూడుసార్లు చెప్పింది. ఆ చిన్న పొట్ట ఉబ్బి తగ్గడం నా చర్మానికి తెలిసేది. ఊపిరి కాస్త ఆగినట్టు అనిపిస్తే నా ఊపిరి ఆగేది.

దీన్ని కంగారూ సంరక్షణ అంటారని తర్వాత తెలిసింది. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక అక్కడి డాక్టర్లు మొదలుపెట్టారట. తల్లి చేయలేనప్పుడు తండ్రి చేయవచ్చు, నానమ్మ చేయవచ్చు, ఒంటి వెచ్చదనం ముఖ్యం. పాలు కూడా ఉగ్గుగిన్నెతో నేనే పట్టాను. ఒక్కో గుక్కకూ మధ్య ఆగాలి, మింగిన చప్పుడు వినపడ్డాకే మళ్లీ వంచాలి. తొందరపడితే పొలమారుతుంది.

వేపచెట్టు అన్నా, మీరు నేర్పు గురించి అన్నారు కదా. నేను కూలీ మేస్త్రీని, సిమెంటు పట్టుకునే చేతులు ఇవి. నేర్పు ఎవరికీ పుట్టుకతో రాదు. నా భార్యకూ అది మొదటి కాన్పే, మేమిద్దరం ఒకే నర్సు దగ్గర నేర్చుకున్నాం. ఇప్పుడు పాపకు మూడేళ్లు. రాగిసంగటి చిన్న ముద్దలు చేసి పప్పులో అద్ది పెడితే తింటుంది. పని మీద ఊరికి వెళితే రాత్రి ఫోనులో "నాన్నా, అన్నం" అని నన్నే అడుగుతుంది.

తార్నాక

సెలవు ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని.

కేంద్ర ఉద్యోగులకు ఇద్దరికంటే తక్కువ పిల్లలు ఉన్నప్పుడు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. కాన్పుకు ముందు 15 రోజుల నుంచి కాన్పు అయిన 6 నెలల లోపు వాడుకోవాలి, లేకపోతే పోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఉద్యోగులకు కూడా 2005లో ఇదే 15 రోజులు ఇచ్చారు. ప్రైవేటు ఉద్యోగులకు చట్టం ఏమీ లేదు, కంపెనీ దయ. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి తల్లికి 12 వారాలను 26 వారాలు చేశారు. తండ్రి ఊసు అందులో లేదు. అదే ఏడాది లోక్‌సభలో పితృత్వ ప్రయోజనాల మీద ఒక ప్రైవేటు సభ్యుడి బిల్లు వచ్చింది, చట్టం కాలేదు.

ఆ సవరణలో నన్ను బాధపెట్టేది మరొకటి ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలన్నారు, రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. ఆ హక్కు రాసింది తల్లికి మాత్రమే. తండ్రి పనిచేసే ఆఫీసులో ఆయన బిడ్డకు చోటు ఉందో లేదో చట్టం మాట్లాడదు. కేంద్ర ఉద్యోగుల్లో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు స్త్రీలకు, ఒంటరి పురుషులకు ఇస్తారు. మగవాడు ఒంటరివాడైతే బిడ్డను చూసుకుంటాడు, భార్య ఉంటే చూసుకోనక్కర్లేదు అన్నట్టుంది.

ఒక సలహా. చాలామంది ఆ 15 రోజులను కాన్పు వారంలోనే వాడేస్తారు. ఆసుపత్రిలో ఒకరు తప్పనిసరిగా ఉండాలి, నిజమే. కానీ అక్కడ చూసుకునేవారు చాలామంది ఉంటే, భార్య పుట్టింటి నుంచి వచ్చాక తీసుకోండి. ఐదో నెలలో వస్తే 6 నెలల గడువు లోపే అవుతుంది. అప్పుడు ఇంట్లో మీరిద్దరూ, బిడ్డా మాత్రమే ఉంటారు. కృష్ణాతీరం గారూ, మీది ప్రైవేటు ఉద్యోగమైతే కంపెనీ నిబంధనల పుస్తకం అడిగి చూడండి. ఏమీ లేకపోతే ఆర్జిత సెలవును విడివిడిగా ఉదయం పూటలకు వాడుకోనిస్తారేమో రాతపూర్వకంగా అడగండి.

బాల్టిక్ గాలి

స్టాక్‌హోంలో ఉంటున్న గుంటూరువాడిని. ఇక్కడ 1974లోనే తల్లి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చారు. అయినా చాలా ఏళ్లు తండ్రులు పెద్దగా తీసుకోలేదు, తమ వాటా భార్యకు రాసిచ్చేవారు. 1995లో ఒక నెల తండ్రికి, ఒక నెల తల్లికి విడిగా కేటాయించి, ఎవరిది వాళ్లు వాడకపోతే పోతుందన్నారు. అక్కడ మార్పు మొదలైంది. 2002లో రెండో నెల, 2016లో మూడో నెల చేర్చారు. ఇప్పుడు బిడ్డకు మొత్తం 480 రోజులు, అందులో ఒక్కొక్కరికి 90 రోజులు రెండోవారికి మార్చి ఇవ్వలేనివి. 390 రోజులకు జీతంలో సుమారు 80 శాతం, ఒక పరిమితి దాకా, ప్రభుత్వ బీమా నుంచి వస్తుంది.

నా వంతు సెలవు మా ఆవిడ ఉద్యోగంలో చేరాక మొదలైంది. పగలంతా పాపతో నేనొక్కడినే. మొదట్లో ప్రతి చిన్నదానికీ ఆమెకు ఫోను చేసేవాడిని. ఆమె మీటింగులో ఉండి తీయకపోతే నేనే తేల్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నది ఆ తీయని ఫోనుల వల్లే. కాబట్టి కృష్ణాతీరం గారూ, ఆ ఉదయం పూట మీ ఆవిడ, అమ్మగారు పక్క గదిలో ఉన్నా సరే, పిలవకుండా సాగించండి. వాళ్లను కూడా రావద్దని ముందే అడగండి. బిడ్డ ఏడ్చిన మరుక్షణం ఎవరో వచ్చి అందుకుంటే మీకు ఎప్పటికీ రాదు.

ఇక్కడ మగవాళ్ల మరుగుదొడ్లలో కూడా డైపరు మార్చే బల్ల ఉంటుంది. పోయినసారి స్వదేశం వచ్చినప్పుడు ఒక పెద్ద రైల్వేస్టేషనులో పాపను ఎత్తుకుని ఆ బల్ల కోసం వెతికాను. చివరికి ప్లాట్‌ఫారం బెంచీ మీద తువ్వాలు పరిచి మార్చాను. చుట్టూ ఉన్నవాళ్లు "తల్లి ఎక్కడ?" అని అడిగారు.

పుల్లంపేట

కువైట్‌లో డ్రైవరుని. మా బాబు పుట్టిన చాన్నాళ్లకు గానీ వాడిని ఎత్తుకోలేదు. ఇవన్నీ చదువుతుంటే మనసు భారంగా ఉంది. మాలాంటివాళ్లం ఏం చేయగలం? నేను చేసేది ఒకటే. టీకా కార్డు ఫోటో నా దగ్గర ఉంది, తేదీలు నేనే గుర్తుపెట్టుకుని ముందు రోజు ఫోను చేస్తాను. తినిపించే వేళకు వీడియో కాల్ చేస్తే బాబు ఫోను చూస్తూ తినడం మానేస్తున్నాడని నా భార్య చెప్పింది. అప్పటి నుంచి తిన్న తర్వాతే చేస్తున్నాను.

తెల్లకోటు

పుల్లంపేట గారూ, ఆ మార్పు చాలా మంచి పని. ఫోను ఎదురుగా ఉంటే బిడ్డకు ఆకలి, నిండుదనం తెలియవు.

దూరంగా ఉన్న తండ్రులు గమనించగలిగేది ఇంకొకటి ఉంది. భార్య గొంతు. కాన్పు తర్వాత ఆమె వారాల తరబడి నిద్రపట్టడం లేదన్నా, కారణం లేకుండా ఏడుస్తున్నా, బిడ్డ మీద మనసు పోవడం లేదన్నా దాన్ని బాలింత నీరసం అని కొట్టిపారేయకండి. ప్రసవించిన స్త్రీలలో సుమారు 13 శాతం మందికి, అదీ ఎక్కువగా కుంగుబాటు రూపంలో, మానసిక సమస్య వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డాక్టరుకు చూపించాలి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు.

వేపచెట్టు

అందరి మాటలూ చదివాను. ఎర్రమట్టి తమ్ముడు రాసినది రెండుసార్లు చదివాను. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. తార్నాక గారు చెప్పిన సెలవులు, స్వీడన్ సెలవులు అన్నీ నెల జీతగాళ్లవి. మిల్లులో ఒక రోజు మానితే ఆ రోజు కూలి లేదు. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లకు కూడా 26 వారాలు ఎవరూ ఇవ్వరు, బిడ్డను ధాన్యం బస్తాల పక్కన చీర ఉయ్యాలలో వేసి పనిచేస్తారు. ముందు వాళ్ల సంగతి ఎవరు మాట్లాడతారు?

మొల్లపూలు

ఆ ప్రశ్న న్యాయమైనది. రోజుకూలీల విషయంలో ఇక్కడ మేం చెప్పినవేవీ పనికిరావు, ప్రభుత్వం పని వేళలోనే నడిచే శిశు కేంద్రాలు పెట్టాలి, కూలి పోకుండా కాన్పు రోజులకు డబ్బు ఇవ్వాలి. కానీ అన్నా, ఆ చీర ఉయ్యాల పక్కన పనిచేసే తల్లి ఇంటికి వెళ్లాక కూడా పొయ్యి వెలిగించి, బిడ్డకు పెట్టి, చివర తాను తింటుంది. మిల్లు నుంచి ఇద్దరూ ఒకే వేళకు ఇంటికి వెళతారు కదా. ఆ రాత్రి పూట మాటేమిటి?

వేపచెట్టు

ఆ మాట ఆలోచించవలసిందే.

కృష్ణాతీరం

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఉదయం 7:30 పూట పూర్తిగా నాది. సాయంత్రం పూట తీసుకుందామని మొదట అనుకున్నాను కానీ, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బాబు నిద్రమత్తులో ఉంటాడు, ఆ వేళ ఏదీ సరిగ్గా తినడు. ఉదయం మా ఆవిడ పాలిచ్చి స్నానానికి వెళుతుంది, గంట ఆగి నేను మొదలుపెడతాను. వండటం, మెదపడం, గిన్నెలు, నేల, టీకా కార్డు అన్నీ నావే. మధ్యాహ్నం పూట అమ్మది. పగలు ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం అమ్మకు నాకంటే బాగా వచ్చు, నేను ఆవిడ దగ్గరే నేర్చుకుంటున్నాను.

మా అత్తగారితో ఉగ్గుగిన్నె గారి మాటలు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఈసారి వచ్చినప్పుడు స్నానం మీరే పోయండి, నేను పక్కన ఉంటాను" అన్నారు. ఆఫీసులో ఉదయం గంట ఆలస్యంగా వచ్చి సాయంత్రం గంట ఎక్కువ ఉండటానికి మేనేజరు ఒప్పుకున్నారు. పితృత్వ సెలవు మా దగ్గర వారం రోజులే ఉంది, కాన్పు అప్పుడే అయిపోయింది. పెంచమని కొందరం కలిసి ఉత్తరం రాస్తున్నాం.

ఒక సందేహం మిగిలింది. పప్పన్నం, రాగిజావ, మెదిపిన అరటిపండు తింటున్నాడు. గుడ్డు ఎప్పటి నుంచి పెట్టవచ్చు? ఏడాది దాకా వద్దని అమ్మ అంటోంది.

తెల్లకోటు

ఆరు నెలలు నిండాయి కాబట్టి పెట్టవచ్చు. పూర్తిగా ఉడికిన గుడ్డు మాత్రమే, పచ్చిగా కారేది వద్దు. మొదటిసారి చెంచాడు పెట్టి, ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి ఏమైనా వస్తాయేమో గమనించండి. అందుకే కొత్తది ఏదైనా ఉదయం పూట మొదలుపెట్టడం మంచిది, పగలంతా చూసుకోవచ్చు. ఏమీ లేకపోతే మెల్లగా పెంచండి. మన దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నవారు 11.3 శాతమేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. గుడ్డు, పప్పు, ఆకుకూర ఇంట్లో ఉండి కూడా బిడ్డ గిన్నెలోకి రాని ఇళ్లు నేను చాలా చూస్తున్నాను.

ఉగ్గుగిన్నె

ఉడికిన పచ్చసొన పొడిపొడిగా ఉండి అంగిలికి అంటుకుంటుంది నాయనా, బిడ్డకు మింగుడు పడదు. రెండు చెంచాల తల్లిపాలో, పప్పుకట్టో పోసి మెత్తగా కలిపి, అన్నంలో మెదిపి పెట్టు. తెల్లసొన సన్నగా చిదుము, ముక్కలు ఉండకూడదు. అమ్మతో వాదన పెట్టుకోకు, మొదటి రోజు ఆవిడ ఎదురుగానే పెట్టు.